ఏడో గుంత

మా ఆయన పెరట్లో గడ్డి కోసేటప్పుడు ప్రతిసారీ ఒకచోట ఆగి విసుక్కుంటాడు. ఇంటి వెనక ఎత్తులో చెక్కతో కట్టిన డెక్‌కి ఎడమ పక్కన, ఇంటి గోడకి ఆరడుగుల దూరంలో, గడ్డి మధ్య ఒక కాంక్రీటు గుండ్రం ఉంది. అన్నం తినే పళ్ళెం కంటే కాస్త పెద్దది. దాని మీద స్తంభం లేదు, ఏమీ లేదు. మిషన్‌ని దాని చుట్టూ తిప్పి, అంచున మిగిలిన గడ్డిని వంగి చేత్తో పీకాలి. "మీ ఆంటీ మిస్టేక్" అంటాడు, నడుం పట్టుకుని లేస్తూ. మూడేళ్ళుగా మా ఇంట్లో దాని పేరు అదే. ఆ పేరు పెట్టింది మాత్రం తను కాదు, నేను.

పోయిన నెలలో ఆ ఆంటీ పోయారు. రెండిళ్ళ అవతల ఉండే ఆవిడ కూతురు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. నేను అప్పుడు ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. దండం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి పంపి, అవతల ఎవరో నా పేరు పిలిస్తే అన్‌మ్యూట్ చేసుకుని మాట్లాడాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ బాగా అలసిపోయినవాళ్ళు ఏడుపు కూడా తర్వాత చూసుకుందామని పక్కన పెట్టేస్తారు. నేనూ పెట్టేశాను.

అప్పటికింకా ఆవిడ పేరు నాకు తెలియదు. రెండు ఇళ్ళ దూరంలో, కూతురి దగ్గరికి వచ్చి ఉన్న రెండు వేసవులు, రోజూ కనిపించిన మనిషి. అయినా ఆంటీ అన్న పిలుపుతోనే పని జరిగిపోయింది. కోస్తాలో ఎక్కడో కాలవల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు ట్రేసర్‌గా చేసి రిటైరయ్యారు. ట్రేసర్ అంటే ఏమిటో ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. ఇంజనీరు గీసిన డ్రాయింగ్ మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే ప్రతి గీతనీ ఇంకుతో మళ్ళీ గీయడం. ఆ కాగితం నుంచే నీలం కాపీలు తీసి పనులు జరిగేచోటికి పంపేవారట. "నా సొంత గీత ఒక్కటీ లేదమ్మాయ్. అన్నీ వేరేవాళ్ళ గీతలమీద గీసినవే" అనేవారు. అందులో ఫిర్యాదేమీ ఉండేది కాదు. సొంతూరు ఏదంటే చెప్పినట్టు చెప్పేవారు.

నేతచీర, దాని మీద కూతురి పాత స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు. నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకునేవారు. మీ మెయిల్‌బాక్స్ నుంచి మా గుమ్మానికి నూట పన్నెండు అని చెప్పి, మర్నాడు, కాదు నూట పదమూడు, నిన్న ఒకటి తప్పాను అని దిద్దుకునేవారు. కూరగాయల చీటీ రాయాలన్నా ముందు పెన్సిల్‌తో రెండు సన్నగీతలు కొట్టి, వాటి మధ్యనే అక్షరాలు రాసేవారు. బెండకాయలు, వంకాయలు అన్నీ ఒకే ఎత్తులో ఉండేవి.

సంతకం అంటే ఆవిడకి పట్టింపు. పార్సిల్ తెచ్చినవాడు ఫోన్ ముందుకు చాపి వేలితో గీకమన్నా సరే, లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, దాని మీద ఏం రాసుందో చదివేదాకా వాణ్ణి గుమ్మంలో నిలబెట్టేవారు. కూతురు పిల్లల స్కూలు కాగితాల మీద గబగబా పెట్టేస్తుంటే పక్కన నిలబడి, "చూసి పెట్టమ్మా" అనేవారు. "చూశానమ్మా" అనేది కూతురు, చూడకుండానే. అది వాళ్ళింట్లో రోజూ వినిపించే మాట. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా విని నవ్వుకునేదాన్ని.

మా ఇల్లు అమెరికాలో, హెర్న్‌డన్‌లో వాలు నేల మీద ఉంది. ముందునుంచి చూస్తే మామూలుగా ఉంటుంది, వెనకనుంచి చూస్తే ఒక అంతస్తు ఎత్తు. వంటగది పక్కన పెద్ద గాజు తలుపు. దాన్ని తెరిస్తే అవతల ఏమీ లేదు, తొమ్మిదడుగుల కింద గడ్డి. డెక్ కావాలంటే మీరే కట్టించుకోండని, బిల్డరు ఆ తలుపుకి బయట అడ్డంగా చెక్కలు బిగించి వెళ్ళిపోయాడు. ఇల్లు కొన్న కొత్తలో చేతిలో డబ్బు లేదు. డబ్బు చేరుతుండగా మా ఆయన ఉద్యోగం పోయింది. వీసా నిబంధన ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే ఇల్లూ పిల్లల బడీ వదిలి విమానం ఎక్కాలి. యాభై మూడో రోజున దొరికింది. ఆ తర్వాత ఇద్దరికీ డెక్ అన్న మాట ఎత్తే ఓపిక కూడా మిగల్లేదు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఆంటీ పొద్దున్నే మా పెరటి వెనక కాలిబాట మీద నడుస్తూ, మా ఇంటి దగ్గర ఆగి ఆ తలుపుని చూసేవారు. ఒక శనివారం నేను చెత్తబుట్ట తెస్తుంటే చెయ్యూపి పిలిచారు.

"ఆ తలుపు తెరిస్తే కిందపడిపోతారు కదమ్మాయ్?"

"తెరవం ఆంటీ."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరేండ్లు."

ఆవిడ తలుపునీ కింద గడ్డినీ మార్చి మార్చి చూశారు. "అద్దం మెరుస్తోందే. తుడుస్తావా?"

"వారానికోసారి తుడుస్త."

"తెరవని తలుపుని తుడుస్తావన్నమాట" అని, బాట పట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం టేపూ, గళ్ళకాగితాలూ, సగం బ్లేడూ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. కట్టుకోవడానికి పర్మిట్ ఇచ్చే కౌంటీ ఆఫీసువాళ్ళు ఇంటివాళ్ళు గీసిచ్చిన ప్లాన్ కూడా తీసుకుంటారట, అల్లుడిని అడిగి తెలుసుకున్నారు. "నేను గీసిపెడతాను. కట్టించుకోవడం, మానడం మీ ఇష్టం" అన్నారు.

పెన్సిల్‌ని బ్లేడుతో చెక్కేవారు. గీత గీస్తూ పెన్సిల్‌ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ పోయేవారు, మొన ఒకే వైపు అరిగి గీత లావెక్కకుండా. మణికట్టు కింద జేబురుమాలు. కాగితం మూలలకి టేపు అంటించి బల్లకి బిగించేదాకా కూర్చునేవారు కాదు. మా ఇంట్లో మనుషులం బల్ల దగ్గర కూర్చుని ఒక గంట ఒకే పని చేసి ఎన్నేళ్ళయిందో. నేను పక్కన లాప్‌టాప్ పెట్టుకుని చూసేదాన్ని. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు చేసినదాంట్లో తప్పులు, మా భాషలో బగ్‌లు, పట్టుకున్నందుకే నా జీతం. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

డెక్ కట్టే కంపెనీలు పంపిన కొటేషన్లు ఆవిడకి చూపించాను. ఒకటి ముప్పై ఎనిమిది వేల డాలర్లు, ఒకటి ముప్పై ఒకటి. మా దగ్గరున్నది ఇరవై రెండు. ఆవిడ వాటిని తిప్పి బోర్లా పెట్టేశారు.

"ధరలు చివర్లో రాద్దాం. ముందు పేర్లు రాయి."

"ఏం పేర్లు ఆంటీ?"

"ఇది తీసేస్తే ఎవరికి నష్టమో వాళ్ళ పేరు."

అదీ ఆవిడ బడ్జెట్. ఎడమ పక్క వస్తువు, కుడి పక్క మనిషి. మెట్లు అని రాస్తే ఎదురుగా మా ఆయన, ఎందుకంటే మెట్లు లేకపోతే బొగ్గుల పొయ్యి, చెత్తడబ్బాలు ఇల్లంతా తిప్పి మోసేది తనే. ఊచలు దగ్గరగా ఉన్న రెయిలింగ్ అంటే పిల్లలు. మెట్ల దగ్గర చేతికి అందే కడ్డీ అంటే ఎప్పుడైనా వచ్చే మా అమ్మానాన్నలు. రెయిలింగ్ మీద దీపాలకి ఎవరి పేరూ రాలేదు. ప్లాస్టిక్ కలిపిన ఖరీదైన చెక్క దగ్గర మా ఆయన, "రిసేల్ వాల్యూ ఉంటది ఆంటీ, రేపు అమ్ముకునేటప్పుడు" అన్నాడు.

"అంటే కొనబోయేవాడికోసమా నాయనా? వచ్చాక ఆయన్నే వేయించుకోమను" అన్నారావిడ, తల ఎత్తకుండా. మామూలు చెక్కే రాశాం.

నా వంతు వచ్చింది. "నువ్వేం చేస్తావమ్మాయ్ డెక్ మీద?"

"ఏముంది ఆంటీ, కూసోని చాయ్ తాగుత."

"ఎంతసేపు?"

"పిలిచేదాకా."

"ఎవరు పిలుస్తారు?"

నేను నవ్వాను. "ఎవరో ఒకరు ఆంటీ. అందరూ."

ఆవిడ నవ్వలేదు. మర్నాడు పొద్దున వచ్చి, నన్ను వంటగదిలో సింకు దగ్గర నిలబెట్టి, తను కిందికి దిగి పెరట్లోకి వెళ్ళారు. గిన్నెలు కడిగే చోట నిలబడితే ఎదురుగా ఉండే కిటికీలోంచి ఆవిడ కనిపించారు. చీరకుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, పక్కకి ఒక్కొక్క అడుగే వేస్తూ, ఆగి నా వైపు చూసేవారు.

"కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నరు."

"ఇప్పుడు?"

"సగం కనిపిస్తున్నరు."

"ఇప్పుడో?"

కిటికీ చట్రం పక్కనుంచి ఆవిడ మాయమైపోయారు. నేను మెడ చాచినా కనిపించలేదు. అక్కడ ఒక పుల్ల గుచ్చారు. ఆ సాయంత్రం డ్రాయింగ్‌లో డెక్ ఎడమ పక్కన ఒక చిన్న మూల వచ్చింది. ఐదడుగులు, ఆరడుగులు. ఒక కుర్చీ, చాయ్ పెట్టుకునే చిన్న బల్ల పట్టేంత. వంటగదిలోంచి చూసినా, గాజు తలుపులోంచి చూసినా ఆ మూల కనిపించదు. ఎదురుగా నా పేరు రాశారు. కిటికీలోంచి కనిపించని చోటు కావాలని నేను అడగలేదు. అడగాలని నాకు తెలియను కూడా తెలియదు. ఆవిడ రాసింది చూశాక లేచి చాయ్ పెట్టడానికి వెళ్ళాను.

గీస్తూ గీస్తూ పాత సంగతులు చెప్పేవారు. అన్నిట్లోకీ నాకు నచ్చింది కాలవ మెట్ల సంగతి.

"ఒకసారి ఒక కాలవ డ్రాయింగ్ నా బల్లమీదికొచ్చింది. గట్టుకి రెండువైపులా నున్నగా సిమెంటు. ఆ ఊరు నాకు తెలుసు, మా పెద్దమ్మగారిది. ఆడాళ్ళు బిందెలు పట్టుకుని దిగేది సరిగ్గా అక్కడే. నున్నటి గట్టుమీద ఎలా దిగుతారు చెప్పు? ఎనిమిది మెట్లు గీసేశాను."

"ఎవరూ అడగలేదా ఆంటీ?"

"ఎవరు చూస్తారు? ఏఈగారు సంతకం పెట్టేశారు, డీఈగారు పెట్టేశారు, ఆపైన ఈఈగారూ పెట్టేశారు. ఎస్టిమేటు సెక్షన్లో నా స్నేహితురాలుండేది, ఆ సిమెంటు లెక్కలో కలిపేసింది. మెట్లు వచ్చేశాయి."

"మీరు చూసిన్రా మరి?"

"వెళ్ళాను ఓసారి. దిగి కాళ్ళు కడుక్కుని వచ్చాను. అన్నిచోట్లా చూడకుండా సంతకాలు పెట్టబట్టి ఆ ఒక్కచోట మేలైంది. మిగతాచోట్ల ఏమేం జరిగాయో ఎవరికి తెలుసు?"

ఆ రాత్రి ఈ కథ మా ఆయనకి చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. అంతకుమించి అందులో ఏముందో నేను ఆలోచించలేదు.

చివరికి ధరలు రాశాం. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు ఆవిడ గీసిన కాగితం చూసి మిగతావాళ్ళకంటే చాలా తక్కువ చెప్పాడు. కాగితాన్ని ముట్టుకునేముందు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఎవరు గీశారని అడిగితే ఆంటీ బళ్ళో పిల్లలాగా చెయ్యెత్తారు. అయినా మా ఇరవై రెండు దాటి పద్దెనిమిది వందలు ఎక్కువైంది. ఏం తీసేద్దామని ఆవిడ వరసగా వేలు జరుపుతూ వస్తుంటే, నేను ఆలోచించకుండా మూల మీద వేలు పెట్టాను.

"ఇది తీసేయండి ఆంటీ."

"తీసేస్తే ఎవరికి నష్టం?"

"ఎవరికీ కాదు."

ఆవిడ రబ్బరు చేతిలోకి తీసుకున్నారు, కానీ కాగితం మీద పెట్టలేదు. "ఇక్కడ పేరు రాసుందే" అన్నారు.

"పర్లేదు ఆంటీ. నాకు ఎక్కడైతేంది."

మా ఆయన పక్కనే ఉన్నాడు. వద్దనలేదు. అనాలని తనకి తట్టలేదు, నాకూ తట్టలేదు, అందుకని తనని తప్పుపట్టను. ఆవిడ మూల చెరిపి, పొడి ఊది, జేబురుమాలుతో కాగితం తుడిచారు.

రెండు రోజుల తర్వాత శుభ్రంగా తిరగరాసిన కాగితం తెచ్చారు. ఆ రోజు మా టీమ్ రిలీజ్, చేసిన సాఫ్ట్‌వేర్ బయటికి వదిలే రోజు. నేను చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, మ్యూట్‌లో ఉండి, ఎప్పుడు నా పేరు పిలుస్తారోనని వింటున్నాను. ఆవిడ కాగితం నా ముందు పరిచి, కింద గడుల్లో ఒకదాని మీద వేలు పెట్టారు.

"ఇక్కడ. చూసి పెట్టమ్మా."

పెన్ను తీసుకున్నాను.

"చూసి పెట్టు" అన్నారు మళ్ళీ.

"చూసిన ఆంటీ" అని పెట్టేశాను. ఆవిడ ఇంకో క్షణం అక్కడే నిలబడ్డారు. నా పేరు కాల్‌లో వినిపించింది. నేను అటు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాను. కాగితాన్ని స్కాన్ చేసి కౌంటీవాళ్ళకి పంపింది మా ఆయన. మూడు వారాల్లో పర్మిట్ వచ్చింది.

స్తంభాలకి గుంతలు తవ్విన రోజు కూడా నేను పై గదిలో కాల్స్‌లోనే ఉన్నాను. కింద మిషన్ చప్పుడు, మధ్యమధ్యలో ఆంటీ తెలుగు, కాంట్రాక్టరు స్పానిష్ వినిపించాయి. టేపు ఒక చివర అతను, ఇంకో చివర ఆవిడ. అడుగులూ అంగుళాలూ అంటే చాలు, ఇద్దరికీ వేరే భాష అవసరంలేకపోయింది. స్తంభాలు నిలబెట్టాక చూస్తే ఆరు స్తంభాలు, ఏడు గుంతలు. ఏడోదాంట్లో కాంక్రీటు మాత్రం పోసుంది, పైన ఏమీ లేదు.

కాంట్రాక్టరుని అడిగాను. "ప్లాన్‌లో ఉంది మేడమ్. కౌంటీ ఇన్‌స్పెక్టర్ ఏడూ చూశాడు. మీ సంతకం కూడా ఉంది" అన్నాడు. దాని ఖర్చు మూడొందల డాలర్లు. నాకు వెంటనే అర్థమైపోయింది, అనుకున్నాను. మూల చెరిపారు, దాని కింద గుంత చెరపడం మర్చిపోయారు. అంత శ్రద్ధగల మనిషి ఎలా మర్చిపోయిందని ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేది. మా ఆయన బిల్లు పట్టుకుని పక్కన నిలబడి ఉండగా ఆవిడని అడిగాను.

"ఆంటీ, మూల తీసేసిన్రు కానీ గుంత చెరపడం మర్చిపోయినట్టున్నరు."

ఆవిడ నన్ను చూశారు, మా ఆయనని చూశారు. "ఉండనీ అమ్మాయ్. పూడ్పించకు" అన్నారు. పాపం సిగ్గుపడుతున్నారనుకున్నాను.

డెక్ అయ్యాక ముప్పైమందిని పిలిచాం. తలుపు తెరిచి, మనుషులు గాల్లోకి కాక చెక్క మీదికి అడుగుపెట్టడం చూస్తే నాకే వింతగా ఉంది. అందరూ ఆంటీని మెచ్చుకున్నారు. రెండు కుటుంబాలవాళ్ళు తమ ఇళ్ళకి కూడా గీసిపెట్టమని అడిగారు. ఒకరింటికి మర్నాడే కొలతలకి వస్తానని మాటిచ్చారావిడ. అంత సంతోషంగా ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు. ఇంతలో ఎవరో రెయిలింగ్ మీంచి వంగి, కింద ఆ గుండ్రం ఏంటని అడిగారు.

పొద్దుటినుంచీ నిలబడి వండి, వడ్డించి, నవ్వి నవ్వి ఉన్నాను. ఇంకో నవ్వు తెప్పిస్తే చాలన్నట్టుంది. "అదా, అది ఆంటీ మిస్టేక్. మూడొందల డాలర్ల బగ్. టెస్టర్ని అయ్యుండి నా ఇంట్ల బగ్ నేనే పట్టలే" అన్నాను. అందరూ నవ్వారు. ఒకాయన, "పోనీలెండి, ఈ వయసులో ఆంటీ అంత గీయడమే గ్రేట్" అన్నాడు.

ఆవిడ కూడా నవ్వారు. "గడ్డిలో ఓ పీట ఉందనుకోండి" అన్నారు.

ఆ మర్నాడు కొలతలకి రమ్మన్నవాళ్ళు ఫోన్ చేసి, కంపెనీవాళ్ళకి ఇచ్చేశాం ఆంటీ, ఏమనుకోకండి అన్నారట. రెండోవాళ్ళు ఫోన్ కూడా చేయలేదు. కూతురు ఈ సంగతి నాకు మామూలుగానే చెప్పింది. ఆ రెండు ఇళ్ళూ నా నోటిమాట వల్ల పోయాయని నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా, ఒకందుకు మంచిదే, పెద్దావిడకి శ్రమ తప్పింది అని సర్దిచెప్పుకున్నాను.

అక్టోబరులో ఇండియాకి తిరిగి వెళ్ళేముందు ఒకసారి వచ్చారు. ఈసారి చేతిలో టేపు లేదు, పెన్సిల్ లేదు. డెక్ మీద నిలబడి కాసేపు కింద గడ్డిని చూశారు.

"ఆ కాగితం ఉందా నీ దగ్గర?"

"కంప్యూటర్ల ఉంటది ఆంటీ."

"ఎప్పుడైనా తీరిగ్గా ఓసారి చూడు."

"చూస్త ఆంటీ."

మోకాళ్ళు సహకరించక ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అమెరికా రాలేదు. నాకు తీరిక దొరకలేదు. ఆ డెక్ మీద నేను కూర్చున్న రోజులు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కూర్చుంటే గాజు తలుపులోంచి కనిపిస్తాను. కనిపిస్తే పిలుస్తారు. రెండుసార్లు లేచాక చాయ్ వంటగదిలోనే నిలబడి తాగడం సుఖమనిపించింది.

పోయిన ఆదివారం కూతురు వచ్చింది. తల్లి కార్యక్రమాలకి వెళ్ళి తిరిగొచ్చి, ఆవిడ ఉండి వెళ్ళిన కింది గది సర్దుతుంటే ఒక అట్టగొట్టం దొరికిందట. "మీ డెక్ డ్రాయింగ్ అనుకుంటా అక్కా. పని అయ్యాక స్టాంపు పడ్డ కాపీ ఆఫీసుకి తిరిగి రావాలని, ఆ కాంట్రాక్టర్ దగ్గర అడిగి తీసుకుంది. ఆవిడకి ఇంకా ఆఫీసే" అంది. నవ్వబోయి ఏడ్చింది. నేను పట్టుకున్నాను. తను వెళ్ళాక కాగితం తీసి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి బల్ల మీద పరిచాను.

మూడేళ్ళ తర్వాత చూశాను. గీతలన్నీ ఒకే లావు. ఆరు గుంతలకి ఆరు గుండ్రాలు. ఏడో గుండ్రం దగ్గర మాత్రం చుట్టూ సన్నగా చుక్కల గీత. ఐదడుగులు, ఆరడుగులు. నా ముందు చెరిపిన మూలని తిరగరాసేటప్పుడు మళ్ళీ గీశారు, నిండు గీత బదులు చుక్కల గీతతో. దాని లోపల రెండు సన్నగీతల మధ్య, నువ్వుగింజలంత అక్షరాల్లో, తెలుగులో రాశారు.

"ఇది అమ్మాయి కూర్చునే చోటు. ఇప్పుడు వద్దంటోంది. ఓపిక వచ్చాక కట్టుకుంటుంది. గుంత ఇప్పుడే ఉండాలి."

ఆ తెలుగు అక్షరాల మీదుగా కౌంటీవాళ్ళ ఎర్ర స్టాంపు పడింది. వాళ్ళు చదవలేరు. కాంట్రాక్టరు చదవలేడు, ఇన్‌స్పెక్టరు చదవలేడు. ఆ కాగితం ఎన్నో చేతులు మారింది. మా ఆయన చూడకుండా స్కాన్ చేశాడు. చదవాల్సిన మనిషిని నేను, రెండుసార్లు చూసి పెట్టమని చెప్పించుకున్న మనిషిని.

కింద గడులు ఉన్నాయి. ట్రేస్ చేసినవారు అన్న గడిలో అడ్డంగా ఒక గీత కొట్టారు. గీసినవారు అన్నచోట ఆవిడ పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. ఆవిడ పేరు నాకు తెలిసింది అప్పుడే. సరిచూసినవారు అన్న గడిలో నా సంతకం ఉంది.

ఆ రోజు నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పాలంటే, బిల్లు పట్టుకుని నిలబడ్డ మా ఆయన ముందు, నీ పెళ్ళానికి ఈ ఇంట్లో పావుగంట కూర్చునే చోటు లేదు నాయనా అని చెప్పాలి. మా మధ్య ఆ మాట పెట్టడం ఇష్టంలేక, తన లెక్కే తప్పిందన్నా ఊరుకున్నారు. ముప్పైమంది నవ్వినా ఊరుకున్నారు. తన పేరు మొదటిసారి పడ్డ కాగితం అది. దాన్నే నేను తప్పులతడక చేసి చూపించాను. ఆవిడ బతికి ఉండగా ఒక ఫోన్ చేస్తే సరిపోయేది. ఇప్పుడు ఎవరికి చేయాలి?

కాగితం చుట్టి గొట్టంలో పెట్టి, చాయ్ పట్టుకుని మెట్లు దిగాను. గడ్డి మొన్ననే కోశారు. ఆ గుండ్రం మీద కూర్చుని గోడకేసి చూస్తూ చాయ్ తాగాను. కాంక్రీటు ఎండకి వెచ్చగా ఉంది. కాస్త ఇరుకు, కానీ కూర్చోవచ్చు. ఏడ్చాను కూడా. నెల కిందట పక్కన పెట్టిందే.

పైన వంటగదిలో గిన్నెల చప్పుడైంది. మా ఆయన సింకు దగ్గరికి వచ్చినట్టున్నాడు. "ఏడున్నవ్?" అని పిలిచాడు. నేను పలకలేదు. కిటికీ తెరిచిన చప్పుడైంది. "పెరట్ల కూడా లేదు" అన్నాడు పిల్లలతో. నేను అక్కడే, ఆయన కిందనే ఉన్నాను. ఆవిడ కొలత అంగుళం కూడా తప్పలేదు.